అది కొవ్వూ కాదు, కండా కాదు

రోజూ పొద్దున్న గంటసేపు నడిచే అలవాటు పక్కనపెట్టి జిమ్‌లో బరువులెత్తడం మొదలుపెట్టాక, మొదటి నెలలోనే నేను రెండున్నర కిలోలు పెరిగాను. తగ్గడానికి వెళ్ళి పెరిగి రావడం చూసేవాళ్ళకి వినోదంగానే ఉంటుంది. మా అత్తగారికి ఈ సంగతి ముందే తెలుసట. "ఆడకూతురికి ఇనప గుళ్ళెందుకమ్మా, ఒళ్ళు సెయ్యక ఏటవుద్ది?" అన్నారు. జిమ్‌లో ట్రైనర్ కుర్రాడు మాత్రం మెషిన్ ఇచ్చిన కాగితం చూసి, "కంగ్రాట్స్ మేడమ్, అదంతా మజిల్. టెన్షన్ పడకండి" అన్నాడు.

ఇద్దరి మాటా నేను ఒప్పుకోను. అత్తగారి మాట ఒప్పుకోకపోవడంలో వింతేమీ లేదు, ఇరవయ్యేళ్ళుగా మా ఇద్దరికీ అదే పని. కానీ ఆవిడ మాట కన్నా ట్రైనర్ మాటే ఎక్కువ చేటు చేస్తుందని నా వాదన. ఆవిడ భయపెడతారు, భయపడినవాళ్ళు కనీసం ఇంకో మనిషిని అడుగుతారు. అతను ఓదారుస్తాడు. ఓదార్పు దొరికాక ఎవరూ ఇంకేమీ అడగరు.

నేను శ్రీకాకుళంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. వయసు నలభై ఐదు దాటింది. నడక బోరు కొట్టి మానలేదు. పోయినేడాది రక్తపరీక్షలో మూడు నెలల షుగర్ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ ఇంకా రాలేదు గానీ దారిలో ఉందని అర్థం. నడుస్తూనే ఉన్నానండీ అంటే, "నడక మంచిదే, అదొక్కటే చాలదు. కండకి పని చెప్పండి" అన్నారు డాక్టరుగారు. రక్తంలోంచి చక్కెరని లాక్కునే చోట్లలో కండరాలది పెద్ద వాటా. వయసు పెరిగేకొద్దీ, వాడకపోతే ఆ కండ తరిగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లోనూ రెండు భాగాలున్నాయి: వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకి గట్టి పని. మొదటి భాగం మా ఊళ్ళో అందరికీ తెలుసు. తెల్లారకముందే ఎనభై అడుగుల రోడ్డు మీదకి వెళ్తే సగం శ్రీకాకుళం అక్కడే చేతులు ఊపుకుంటూ కనిపిస్తుంది. రెండో భాగం మాట ఎవరూ ఎత్తరు. ఆడవాళ్ళ విషయంలో అసలే ఎత్తరు.

ముందు అత్తగారి పక్షం చూద్దాం. పెరిగింది కొవ్వేనా? ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే ఖర్చుకి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. నేను పెరిగినదాంట్లో రెండు కిలోలు మొదటి రెండు వారాల్లోనే వచ్చాయి. రెండు కిలోల కొవ్వంటే 15,400 కేలరీలు. 14 రోజులకి పంచితే రోజుకి 1,100. ఇడ్లీకి ఓ 55 కేలరీలు వేసుకుంటే, మామూలుగా తినే తిండికి పైన రోజూ 20 ఇడ్లీలు. చట్నీ ఈ లెక్కలో లేదు. అంత తిని ఉంటే పిండి రుబ్బే మనిషికి తెలియకుండా పోదు. మా ఇంట్లో ఆ మనిషిని నేనే.

కాబట్టి కొవ్వు కాదు. అయితే కండేనా?

కండ అంత తొందరగా పెరగదు. కొత్తగా బరువులు మొదలుపెట్టిన ఆడమనిషికి తిండీ నిద్రా అన్నీ కుదిరితే నెలకి ఓ అర కిలో కండ పెరగడమే గొప్ప. మగవాళ్ళకి దానికి రెట్టింపు అనుకోవచ్చు. మొదటి వారాల్లో రోజురోజుకీ ఎక్కువ బరువు ఎత్తగలుగుతాం నిజమే. అది చూసి కండ పెరిగిందనుకుంటాం. నిజానికి అప్పుడు మారేది ఎక్కువగా నరాల పనితీరు. ఉన్న కండలోనే ఇదివరకు ఊరికే కూర్చున్న భాగాన్ని కూడా పనిలోకి దింపడం మెదడు నేర్చుకుంటుంది. కండ లావెక్కడం ఆ తర్వాతి మాట, అదీ గ్రాముల్లో.

"కొవ్వు కన్నా కండ బరువు మేడమ్" అని ఇంకో మాట కూడా ఉంటుంది ప్రతి జిమ్‌లో. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లాడు ఇలా రాస్తే నేను మార్కు కోస్తాను. కిలో కండా కిలోయే, కిలో కొవ్వూ కిలోయే. తేడా సాంద్రతలో ఉంది. కండ ఒక ఘన సెంటీమీటరుకి 1.06 గ్రాములుంటే, కొవ్వు 0.9 గ్రాములుంటుంది. అంటే ఒకే బరువుకి కండ కొంచెం తక్కువ చోటు తీసుకుంటుంది. దానివల్ల జాకెట్టు వదులు కావచ్చు గానీ, రెండు వారాల్లో మెషిన్ మీద రెండు కిలోలు చేరవు.

మరి ఆ కాగితంలో "లీన్ మాస్ పెరిగింది", అంటే కొవ్వు కాని బరువు పెరిగిందని, అచ్చయి వచ్చిందిగా అంటారు. ఆ మెషిన్ సంగతి చెప్పాలి, ఇది నా సబ్జెక్టు. పాదాల కింద లోహపు పలకలుంటాయి. కొన్నిటికి చేతులతో పట్టుకునే కడ్డీలు కూడా ఉంటాయి. వాటిలోంచి మనకి తెలియనంత చిన్న కరెంటు ఒంట్లోకి పంపి, ఎంత నిరోధం వచ్చిందో కొలుస్తుంది. నీరూ ఉప్పూ ఉన్నచోట కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. ఆ నిరోధాన్నిబట్టి ఒంట్లో నీరెంతో అంచనా వేసి, ఆ నీటిని బట్టి కండ వగైరా ఎంతో అంచనా వేసి, మొత్తం బరువులోంచి దాన్ని తీసేసి మిగిలింది కొవ్వు అంటుంది. కొలిచింది ఒక్క నిరోధాన్నే, తక్కినదంతా సూత్రంలో లెక్క. ఒంట్లో నీరు పెరిగితే నిరోధం తగ్గుతుంది, మెషిన్ దాన్ని కండ ఖాతాలో వేస్తుంది. అది అబద్ధమాడటం లేదు పాపం, దానికి తెలిసిన లెక్క అంతే. కాగితం రంగుల్లో వస్తుంది కాబట్టి అందరం నమ్ముతాం.

పెరిగింది నీరు. ఒంట్లో అది చేరడానికి ఒకటికి నాలుగు దారులున్నాయి. కొత్త వ్యాయామం మొదలుపెట్టినప్పుడు అవి చాలావరకు ఒకేసారి తెరుచుకుంటాయి.

పెద్ద దారి గ్లైకోజెన్. మనం తిన్న అన్నంలోని చక్కెర ఖర్చయింది పోగా, కొంత గ్లైకోజెన్‌గా మారి కండరాల్లోనూ కాలేయంలోనూ నిలవ ఉంటుంది. మామూలు మనిషికి కండరాల్లో 400 గ్రాముల దరిదాపుల్లో, కాలేయంలో 100 గ్రాముల దరిదాపుల్లో. ఇది పొడిగా ఉండదు, నానబెట్టిన శనగల్లాగా నీళ్ళతో కలిసే ఉంటుంది. ఒక్కో గ్రాముకి సుమారు 3 గ్రాముల నీరు. నడకకి ఇది కొంచెం కొంచెమే ఖర్చవుతుంది, ఎందుకంటే మెల్లటి నడకలో ఒళ్ళు కొవ్వు మీద కూడా బాగానే నడుస్తుంది. బరువులెత్తడం అలాంటిది కాదు. క్షణాల్లో బలం కావాలి, ఆ బలం గ్లైకోజెన్ నుంచే రావాలి. రెండు మూడు సార్లు ఖాళీ అయ్యాక ఒళ్ళు తెలివి తెచ్చుకుని, ఈసారికి ఎక్కువ నిలవ పెట్టుకుంటుంది. ఇంకో 150 గ్రాములు అదనంగా దాచుకుంటే, దాని వెంట వచ్చే 450 గ్రాముల నీటితో కలిపి 600 గ్రాములు. మూడు పూటలా అన్నం తినే మనకి ఆ నిలవకి సరుకు కొరత కూడా ఉండదు.

కార్బోహైడ్రేట్లు మానేసినవాళ్ళు మొదటి వారంలోనే రెండు మూడు కిలోలు తగ్గిపోయామని గొప్పగా చెప్పుకోవడం వెనక ఉన్నదీ ఇదే లెక్క, తలకిందులుగా. ఆ నిలవ కరిగితే దాని నీరూ పోతుంది. అన్నం తిన్న మర్నాడే తిరిగొస్తుంది. తగ్గినప్పుడు కొవ్వు కరిగిందని సంబరపడి, పెరిగినప్పుడు కండ వచ్చిందని సంబరపడటం, రెండూ ఒకే నీటికి మనం పెట్టుకున్న రెండు పేర్లు.

రెండో దారి నొప్పి. అలవాటు లేని బరువుతో కూర్చుని లేస్తే, ముఖ్యంగా కిందికి దిగేటప్పుడు, కండరాల పోగుల్లో సన్నటి చిరుగులు పడతాయి. మర్నాటి నుంచి మూడో రోజు దాకా తొడలు పట్టేసి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తుంది. మా కాలేజీలో నేను చెప్పే క్లాసు రెండో అంతస్తులో. ఆ రోజుల్లో పిల్లలు నన్ను చూసి జాలిపడి లెక్కలు కూడా సరిగ్గా చేశారు. ఆ చిరుగుల్ని బాగుచేసుకోవడానికి ఒళ్ళు అక్కడికి నీటినీ రక్తకణాలనీ పంపుతుంది, కొంచెం వాపు ఉంటుంది. కాలు బెణికితే చీలమండ దగ్గర వచ్చే వాపే, కాకపోతే ఒళ్ళంతా కొంచెం కొంచెం పరుచుకుని కంటికి కనిపించదు. వారం వారం ట్రైనర్ కొత్త కసరత్తు మారుస్తుంటే ఆ వాపు తగ్గేలోపు ఇంకోటి వస్తుంది.

మూడో దారి రక్తం. ఇది బరువులెత్తేవాళ్ళకే కాదు. మా జిల్లా నుంచి ఆర్మీకీ పోలీసుకీ సెలెక్షన్ల కోసం పొద్దున్నే గ్రౌండుల్లో పరిగెత్తే కుర్రాళ్ళు చాలామంది. వాళ్ళలో కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు మొదటి రెండు వారాల్లో బరువు పెరిగామని బెంగపడుతుంటారు. పరుగు మొదలెట్టాక రక్తంలోని ద్రవభాగం కొద్ది రోజుల్లోనే పది శాతం దాకా పెరుగుతుంది. గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం పంపడానికి, ఎక్కువ చెమట పట్టడానికి ఒళ్ళు చేసుకునే ఏర్పాటది. ఎండాకాలంలో మొదలుపెడితే, వేడికి అలవాటు పడటానికి కూడా ఇదే జరుగుతుంది. అంటే ఆ బరువు ఒళ్ళు దారిలో పడుతోందనడానికి గుర్తు.

వ్యాయామంతో సంబంధం లేకుండా నీరు పట్టే సంగతులు మనకి తెలిసినవే. ఉప్పు ఎక్కువ తింటే నీరు నిలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు తినమంటుంది. ఆదివారం మెత్తళ్ళ పులుసూ దాంట్లోకి ఆవకాయా తిని సోమవారం పొద్దున్న మెషిన్ ఎక్కేవాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు. ఆడవాళ్ళకి నెలసరికి ముందు వారంలో నీరు పట్టి కిలో దాకా అటూ ఇటూ కావడం మామూలు. మగ ట్రైనర్లు ఈ మాట ఎత్తలేరు, ఆడవాళ్ళు అడగలేరు. చార్టులో మాత్రం ఆ వారం "నో ప్రోగ్రెస్" అని రాసి ఉంటుంది.

నాలుగో దారి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అది మా జిల్లాలో వేరే అర్థం తెచ్చుకుంది.

జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళు వాడే పొడుల్లో క్రియాటిన్ ఒకటి. నిజంగా పనిచేస్తుందని రుజువైన అతి కొద్ది పొడుల్లో అదొకటి, దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. అది కండరాల్లోకి చేరేటప్పుడు నీటిని వెంట తీసుకుపోతుంది. మొదటి వారంలో ఒకటి రెండు కిలోలు పెరగడం దానితో సహజం. మా బంధువుల కుర్రాడొకడు, కవిటి వైపు ఊరు, వైజాగ్‌లో ఇంజనీరింగ్ చదువుతూ ఈ పొడి మొదలుపెట్టాడు. బరువు పెరిగినందుకు సంతోషంగానే ఉన్నాడు. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు అందరితో పాటు రక్తం ఇచ్చాడు. కిడ్నీల పనితీరు తెలియడానికి చూసే క్రియాటినిన్ 1.4 వచ్చింది, ఉండాల్సిన దానికన్నా కొంచెం పైన.

ఉద్దానంలో ఆ అంకె అంటే ఏమిటో బయటివాళ్ళకి చెప్పడం కష్టం. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్ళని తినేసింది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి తెరిచారంటేనే తీవ్రత ఎంతో అర్థం చేసుకోవచ్చు. చదువు రాని ముసలమ్మలు కూడా అక్కడ "సీరం ఎంతొచ్చింది?" అని అడుగుతారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

కండరాల్లో ఉన్న క్రియాటిన్‌లో కొంత రోజూ క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వచ్చి, కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. కిడ్నీ వడపోత మందగిస్తే రక్తంలో అది పేరుకుంటుంది, అందుకే దాన్ని కొలుస్తారు. కానీ కండ ఎక్కువ ఉన్నవాళ్ళలో, క్రియాటిన్ పొడి తాగేవాళ్ళలో, కిడ్నీ బాగానే ఉన్నా ఆ అంకె కొంచెం పైనే ఉండొచ్చు. గట్టి వ్యాయామం చేసిన మర్నాడు, మాంసం బాగా తిన్న రోజు కూడా. కుర్రాడి విషయంలో డాక్టరు పొడి ఆపించి, కొన్ని వారాలాగి మళ్ళీ పరీక్ష చేయించారు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో చూశారు, కండతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్-సి అనే ఇంకో పరీక్ష కూడా రాశారు. అన్నీ మామూలుగానే వచ్చాయి.

అయినా ఇక్కడ నేను పొడి పక్షం తీసుకోను. ఉద్దానంలో పుట్టినవాళ్ళు, ఇంట్లో ఒక్కరికైనా ఈ జబ్బున్నవాళ్ళు, ముందు పరీక్ష చేయించుకుని, డాక్టరుకి చూపించి, తర్వాతే ఏ డబ్బా అయినా తెరవాలి. ముందు అంకె లేకపోతే తర్వాతి అంకెకి అర్థం లేదు. వైజాగ్‌లో ఆ డబ్బా అమ్మినవాడు ఏ ఊరని ఒక్క ముక్క అడగలేదు. ఇంకో మాట. అలవాటు లేకుండా ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకుని చేసినప్పుడు కండ విపరీతంగా దెబ్బతిని, మూత్రం కోలా రంగులో వస్తే, అది ఇంట్లో పడుకుని తగ్గించుకునే నొప్పి కాదు. అదే రోజు ఆసుపత్రికి పోవాలి. కిడ్నీలు పాడయ్యే దారుల్లో అదొకటి.

ఇంతవరకూ చదివి, "అంటే పెరిగినా పర్లేదన్నమాట" అని లేచి వెళ్ళిపోయేవాళ్ళకి నేను ట్రైనర్ చేసిన పనే చేసినట్టవుతుంది. నీటి లెక్క మొదటి నెలకి, మహా అయితే ఆరు వారాలకి. అప్పటికి నొప్పులు తగ్గుతాయి, నిలవలు సర్దుకుంటాయి, బరువు ఒకచోట నిలబడాలి. రెండో నెల దాటి మూడో నెలలోనూ వారం వారం పెరుగుతూనే ఉంటే అది నీరు కాదు. దాన్ని కండ అని సర్దిచెప్పుకుంటే రెండేళ్ళ తర్వాత నిజం తెలుస్తుంది, ప్యాంటు దగ్గర.

నడక మాని బరువులకి మారినవాళ్ళకి ఇది ఎక్కువగా ఎందుకు జరుగుతుందో లెక్క చూడండి. 60 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే 240 కేలరీల దరిదాపుల్లో ఖర్చవుతాయి. వారానికి ఆరు రోజులు నడిస్తే 1,440. జిమ్‌లో ముప్పావుగంట బరువులంటే అందులో సగం విశ్రాంతి, పావు వంతు ఫోను. మహా అయితే 180 కేలరీలు. వారానికి మూడు రోజులకి 540. చెమట పట్టింది, ఒళ్ళు నొప్పులు, ఫీజు కట్టాం, అన్నీ ఎక్కువగానే ఉన్నాయి. ఖర్చు మాత్రం వారానికి 900 కేలరీలు తగ్గింది. తిండి మార్చకపోతే ఈ ఒక్క తేడాకే నెలకి అర కిలో కొవ్వు చేరుతుంది.

పైగా తిండి మారుతుంది. బరువులెత్తిన రోజు ఆకలి వేరేగా ఉంటుంది. "ప్రోటీన్ తినాలి మేడమ్" అన్న సలహా మా జిల్లాలో జీడిపప్పు డబ్బా దగ్గరికి దారితీస్తుంది. పలాస పక్కనే పెట్టుకుని జీడిపప్పు తినకుండా ఎలా ఉంటాం? 30 గ్రాముల జీడిపప్పులో 165 కేలరీల పైనే ఉంటాయి, ప్రోటీన్ 6 గ్రాములు మించదు. ఆ కేలరీల్లో ఎక్కువ భాగం కొవ్వు నుంచే. గుప్పెడు తింటే జిమ్ లెక్క చెల్లు. ప్రోటీన్ కావాలంటే గుడ్డు ఉంది, చేప ఉంది, ఉలవలున్నాయి.

ఇంకోటి కంటికి కనిపించనిది, కదలిక. కాళ్ళు నొప్పులని బజారుకి స్కూటీ మీద వెళ్తాం, మేడ మీద బట్టలు పిల్లల చేత తెప్పిస్తాం, "పొద్దున్న జిమ్ చేశాను కదా" అని సాయంత్రం కూర్చుంటాం. ఒళ్ళు ఒకచోట ఎక్కువ ఖర్చుపెడితే ఇంకోచోట పొదుపు చేస్తుంది. హెర్మన్ పాంట్జర్ అనే అమెరికన్ పరిశోధకుడి బృందం టాంజానియాలో రోజంతా తిరుగుతూ వేటాడి బతికే హాడ్జా తెగవాళ్ళు రోజుకి ఎంత శక్తి ఖర్చుపెడుతున్నారో కొలిచి 2012లో ప్రచురించింది. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, అమెరికా యూరప్‌లలో కుర్చీల్లో కూర్చునేవాళ్ళ ఖర్చుకీ వాళ్ళ ఖర్చుకీ పెద్ద తేడా లేదు. వ్యాయామం వల్ల ఎన్నో లాభాలున్నాయి గానీ, తిన్నదంతా కరిగించే యంత్రం కాదది. అందుకే నేను రెండో నెల నుంచి సాయంత్రం నడక మళ్ళీ చేర్చుకున్నాను. జిమ్ మానలేదు.

ఇక మా అత్తగారి మాటలో అసలు ముల్లు వేరే ఉంది. ఆవిడ బెంగ కొవ్వు గురించి కాదు, ఆడది లావుగా కనిపించడం గురించి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నాడని మా పెద్దవాళ్ళందరూ కథలు చెబుతారు. ఊళ్ళో స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. మగవాడి ఒళ్ళు మాకు జిల్లా గౌరవం. మంచిదే. కానీ శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్న ఆమదాలవలస పక్కనే ఊసవానిపేట ఉంది. అక్కడి కరణం మల్లీశ్వరి 1994లోనూ 1995లోనూ ప్రపంచ విజేత అయింది 54 కిలోల విభాగంలో. 2000లో సిడ్నీలో, ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో చేర్చిన మొదటిసారే, 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. ఆరేళ్ళలో 54 నుంచి 69. ఆ అంకెలు మాత్రమే చూపించి ఏ పెళ్ళిపందిట్లో అడిగినా "అయ్యో, ఎంత ఒళ్ళు సేసిందో" అంటారు.

నా రెండున్నర కిలోలు అలాంటివని చెప్పడం లేదు, అంత సిగ్గు లేకుండా లేను. ఆవిడవి ఏళ్ళ తరబడి కష్టం, నావి నీళ్ళు. బరువు అంకె దానంతటది ఏమీ చెప్పదని మాత్రమే చెబుతున్నాను. నేను వెళ్ళే జిమ్ గోడల నిండా సినిమా హీరోల పొట్ట పలకలున్నాయి. మల్లీశ్వరి ఫోటో లేదు.

అంకె ఏమీ చెప్పదనడానికి ఇంకో మంచి సాక్ష్యం 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యడ్కిన్ పక్కపక్కన నిలబడి ఫోటో దిగారు. ఎత్తుని బట్టి బరువు ఎంతో చెప్పే బీఎంఐ ఇద్దరికీ 22.3. యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. మనవాళ్ళకి సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు దాచుకునే తీరు ఎక్కువ. అందుకే భారతీయులకి బీఎంఐ 23 నుంచే అధిక బరువుగా లెక్కిస్తారు, నడుము చుట్టుకొలత ఆడవాళ్ళకి 80, మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు.

ఆడవాళ్ళకి ఆ కొలత కోసం కొత్త మెషిన్ అక్కర్లేదు. ఆది జాకెట్టు ఉంది. మా టైలర్ దగ్గర నా కొలతలు ఏళ్ళ తరబడి పుస్తకంలో ఉన్నాయి. జిమ్ మెషిన్ రెండున్నర కిలోలు పెరిగానన్న నెలలో ఆది జాకెట్టు నడుము దగ్గర సరిగ్గా అంతే ఉంది, చేతుల దగ్గర కాస్త బిగిసింది. మూడో నెలకి నడుము వదులైంది. అతనికి నా కొవ్వు శాతంతో పనిలేదు, కుట్టు తప్పితే తిట్లు తింటాడు కాబట్టి జాగ్రత్తగా కొలుస్తాడు.

బరువు చూడనే వద్దని నేను అనను. చూసేవాళ్ళు పొద్దున్నే, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, ఒకే మెషిన్ మీద చూసి, వారం సగటు రాసుకుంటే చాలు. ఒక్క రోజు అంకెకి విలువ లేదు. ఆడవాళ్ళయితే ఈ నెల ఫలానా వారాన్ని పోయిన నెల అదే వారంతో పోల్చుకోవాలి. కాకపోతే కొన్ని పెరుగుదలలకి ఓపిక పనికిరాదు. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడటం, మొహం ఉబ్బడం, పడుకుంటే ఆయాసం, రెండు మూడు రోజుల్లోనే రెండేసి కిలోలు చేరడం, ఇవి గుండెకో కిడ్నీకో సంబంధించినవి కావచ్చు. థైరాయిడ్ తగ్గినా, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా, కొన్ని షుగర్ మందులకీ బరువు పెరుగుతుంది. వాటికి జిమ్‌తో సంబంధం లేదు, కానీ జిమ్‌లో చేరిన నెలలోనే రావని ఎక్కడా లేదు.

మా కాలేజీ కెమిస్ట్రీ మేడమ్ ఇదే జిమ్‌లో చేరి మూడో వారంలో మానేస్తానంది. ఒకటిన్నర కిలో పెరిగిందట. ట్రైనర్ "మజిల్" అన్నాడట, ఆవిడ నమ్మలేదు. కెమిస్ట్రీ చదివినావిడ కదా. గ్లైకోజెన్ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే పది నిమిషాల్లో ఒప్పుకుంది, ఇంకా వెళ్తోంది. నాకు పోయిన నెల చేయించుకున్న పరీక్షలో మూడు నెలల షుగర్ 5.8 వచ్చింది. బరువు మొదలుపెట్టినప్పటి కన్నా ఇంకా ఒక కిలో ఎక్కువే ఉంది. అత్తగారు షుగర్ కాగితం పక్కన పెట్టి బరువు సంగతే అడిగారు.

ట్రైనర్ కుర్రాడితో కూడా మాట్లాడాను. తెలివైనవాడే, చెప్పింది విన్నాడు. "అది నీళ్ళని చెబితే ఎవరు ఫీజు కడతారు మేడమ్?" అన్నాడు. కడతారని నా నమ్మకం. మూడో వారంలో మానేసి వెళ్ళిపోయినవాళ్ళే కట్టడం లేదు, ఆ లెక్క అతని రిజిస్టరులోనే ఉంది. చేరిన రోజే "మొదటి నెల పెరుగుతారు, అది నీరు, రెండో నెల ఆగుతుంది, మూడో నెల పెరిగితే కంచం చూసుకుందాం" అని చెప్పమన్నాను. ఆ మెషిన్ మీదకి కొత్తవాళ్ళని ఆరు వారాల దాకా ఎక్కించొద్దన్నాను. మెషిన్ ఖరీదు ఎంతో చెప్పి, ఓనర్‌ని అడుగుతానన్నాడు.